కూత ఆగిన పూట

తడిసిన మిరపకాయల్ని సగం ధరకి కొనగలిగిన మొనగాడు ఆ ఏడు మా రాజోలు బజారు మొత్తానికి నేనొక్కడినే. మా నాన్న, ఇద్దరు బాబాయిలు, మేనమామ అందరూ కొట్లలో పుట్టి కొట్లలో పెరిగినవాళ్లే. వాళ్లెవరికీ తగలని బేరం నాకు తగిలింది. లారీ మీద టార్పాలిన్ చిరిగి, వానకి నానిన పాతిక బస్తాలు. నా ధర చెప్పేసి నోరు మూసుకుని కూర్చున్నాను. మా ఇంటి విద్య అదే. ఎదుటివాడు గొణుగుతున్నంతసేపూ మన ధరకి దిగలేదని అర్థం. గొణుగుడు ఆగిందంటే దిగినట్టే. ఆ అమ్మేవాడి గొణుగుడూ ఆగింది.

వాటిని ఎక్కడ ఆరబెట్టాలన్నది మాత్రం ఈ మొనగాడికి తట్టలేదు. బయట ముసురు. కొట్టు వెనకే ఇల్లు. నడవా, మధ్యగది, వంటింటి గుమ్మం దాకా పరిచేశాను.

మా ఆవిడకి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. పెళ్లిచూపుల నాడే మా మామగారు దాచకుండా చెప్పారు. లోపం చెప్పి మరీ ఇచ్చే మనిషి నిజాయితీపరుడని ఆయన్ని మెచ్చుకున్నానే తప్ప, అంతకు మించి ఆ మాట నా బుర్రలోకి వెళ్లలేదు.

"ఆ ఘాటు నాకు పడదండి" అంది మొదటి రోజే. పది రోజులు ఓర్చుకోమన్నాను. పది కాదు ఆరు అని అడగొచ్చు కదా, అడగలేదు. బేరమాడటం ఆమెకి రాదు. పైగా బూజు పట్టిన కాయలు ఏరడం, చేత్తో తిరగెయ్యడం కూడా ఆమే చేసింది.

ముందు తుమ్ములు వచ్చాయి. మర్నాటికి పొడి దగ్గు. మూడో రోజుకి పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చుంది. ఛాతీలోంచి పిల్లికూతలాంటి ఈల, ముందు కొట్లో కూర్చున్న నాకు వినిపించేది. మందుల షాపు నుంచి బిళ్లలు తెచ్చి వేస్తే ఒక పూట తగ్గినట్టే తగ్గి, మరుపూటకి ఇంకా పెరిగింది. నాలుగో రోజు ఉదయం మాట తెగిపోవడం మొదలైంది. "పాలు" అని ఒక ఊపిరి, "పొయ్యి మీద" అని ఇంకో ఊపిరి. ముందుకి వంగి, చేతులు రెండూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలతో గాలి తోడుకుంటోంది. ఆ రోజు సంత. మధ్యాహ్నానికి జనం పల్చబడతారు, అప్పుడు ఆసుపత్రికి వెళ్దామన్నాను. తల ఊపింది. మాటకి ఊపిరి లేక ఊపిన తలని నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను.

రిక్షాలో దారి పొడుగునా ఆ కూత వింటూనే ఉన్నాను. ఆసుపత్రి గేటు కనబడేసరికి సన్నగిల్లింది. గేటు దగ్గరకి వచ్చేసరికి ఆగిపోయింది. ఆమె కళ్లు సగం మూసుకుని నా భుజం మీదకి వాలింది. గొణుగుడు ఆగింది, రోగం దిగింది అనుకున్నాను. రిక్షా వెనక్కి తిప్పమన్నాను.

అప్పుడే డ్యూటీకి వస్తున్న నర్సమ్మ ఒకావిడ, చేతిలో గొడుగు, టిఫిను గిన్నెతో, రిక్షాకి అడ్డం నిలబడింది. ఎందుకు తిప్పేస్తున్నారని అడిగింది.

"తగ్గిపోయిందండి. కూత ఆగిపోయింది."

ఆమె నా వైపు చూడనే లేదు. మా ఆవిడ పెదాలు చూసింది, గోళ్లు చూసింది, మెడ కింద గుంట లోపలికి పోవడం చూసింది. "తగ్గలేదండి. కూయడానిక్కూడా గాలి లేదు" అంది. గిన్నె అక్కడే గట్టు మీద వదిలేసి, చక్రాల బల్ల కోసం లోపలికి పరిగెత్తింది.

డాక్టరుగారు వచ్చి చూసి మందులు చెప్పారు. ఆ మధ్యాహ్నమంతా మంచం వదలనిది మాత్రం ఆ సిస్టరే. నేను పడుకోబెట్టబోతే నా చెయ్యి తీసేసి, నిటారుగా కూర్చోబెట్టి, ముందు చిన్న బల్ల వేసి, దాని మీద రెండు దిళ్లు పెట్టి మా ఆవిడ చేతులు ఆనించింది. ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకొచ్చి ముక్కుకి మూత పెట్టింది. నరానికి ఇచ్చే ఇంజెక్షను, జేబుకి తగిలించుకున్న గడియారం చూస్తూ చుక్క చుక్కగా ఎక్కించింది. తొందరగా ఎక్కించేస్తే తొందరగా పనిచేస్తుంది కదా అన్నాను. "ఇది తొందరపెడితే గుండె ఊరుకోదండి షావుకారుగారూ" అంది. మధ్యమధ్య నాడి చూసేది, ఊపిర్లు లెక్కపెట్టేది. మా ఆవిడతో మాట్లాడుతూనే ఉండేది, జవాబు చెప్పొద్దంటూనే.

కాసేపటికి కూత మళ్లీ మొదలైంది. రోగం తిరగబెట్టిందని లేచి నిలబడ్డాను. ఆ నర్సమ్మ మాత్రం మొదటిసారి నవ్వింది.

"ఆయ్, ఇప్పుడు కూయనివ్వండి. గాలికి దారి దొరుకుతోంది."

తర్వాత ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పమంది. మా ఆవిడ "లాభం, రెండు" అని ఆగిపోయింది. నర్సమ్మ నా వైపు చూసింది. కొట్లో బియ్యం కొలిచేటప్పుడు మొదటి కొలతని మేము ఒకటి అనం, లాభం అంటాం అని చెప్పాను. సాయంత్రానికి ఆరో అంకె దాకా చెప్పగలిగింది. అప్పుడు చెప్పింది మా ఆవిడ, పొద్దుటి నుంచీ మధ్యలో తెగకుండా వచ్చిన మొదటి మాట: "రిక్షావాడికి తిరుగు కిరాయి కూడా ఇచ్చేరా?"

ఇంట్లో ఏం పెట్టారని నర్సమ్మ అడిగితే చెప్పేశాను. తిట్టలేదు. అవి బయటికి వెళ్తేనే ఈవిడ ఇంటికి వస్తుందంది. నడవాలో మాత్రం ఉంచి తలుపేస్తే సరిపోదా అని అడిగాను. ఆమె జవాబు చెప్పకుండా నన్నే చూస్తూ నిలబడింది. మాట ఆగినంత మాత్రాన దిగినట్టు కాదని ఆ పూట నాకు తెలిసింది. కాయలు ఊరి చివర కొబ్బరి షెడ్డుకి తరలించి, ఇల్లు రెండుసార్లు కడిగించాను.

మిరపకాయల మీద లాభమే వచ్చింది, దాచను. ఉబ్బసం నేను తెచ్చిపెట్టింది కాదు, దాన్ని నా మీద వేసుకోను. ఆలస్యం చేసిన ఆ నాలుగు రోజులూ, సంత పూటా, గేటు దగ్గర తిప్పించిన రిక్షా మాత్రం నావే. అంతకు ముందు మా ఆవిడ బియ్యం కొలుస్తూ ఒక్క ఊపిరిలో ముప్పై దాకా చెప్పేది. ఆ తర్వాత ఏటా ముసురు పట్టగానే చెప్పించి చూసేవాణ్ని. ఇరవై రెండు దాటలేదు. తగ్గిన ఎనిమిదీ నావి.