శనికి కట్టిన ఇటుక

ఆ రోజుల్లో లోకంలోని కష్టాలన్నిటికీ మూలం రాపిడేనని నాకో గట్టి నమ్మకం ఉండేది. ఇబ్రహీంపట్నంలో ఓ చిన్న ఫ్యాక్టరీలో మోటార్ల బేరింగులకు గ్రీజు పెట్టే ఉద్యోగం అప్పుడే వచ్చింది మరి. (ఇంట్లో తలుపు కిర్రుమంటే అమ్మ పిలవక్కర్లేదు, నేనే డబ్బా పట్టుకుని పరుగెత్తేవాణ్ణి.) ఆ ఊపులోనే కంకిపాడులో మా డాబా మీద, పీవీసీ గొట్టంలో అద్దం బిగించి ఒక టెలిస్కోపు చేశాను. అది నాన్న కోసం. నలభై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి. నీటికాసులతో ఒక కన్ను అప్పటికే పోయింది, రెండోదీ ఎన్నాళ్ళో నిలవదని డాక్టరుగారు చెప్పేశారు. ఆలోపు ఆయన కోరిక ఒక్కటే. "రెండుసార్లు ఏలినాటి శని పట్టిందిరా నన్ను. ప్రతి శనివారం నువ్వులనూనె పోశాను. అంత నూనె తాగినవాడి మొహం ఒక్కసారైనా చూడొద్దూ?" అనేవారు.

ఎండాకాలం మొదట్లో ఓ రోజు, ఇంకా భోజనాలు కాకముందే, శని నాకు దొరికాడు. "పసుపు ముత్యానికి గాజు తొడిగినట్టున్నాడు నాన్నా!" అని అరిచాను. ఆయన కుర్చీలోంచి లేచేలోపు మాయం. ఆకాశంలో శని జరిగిపోతూనే ఉంటాడు కాబట్టి, గొట్టం కూర్చున్న చెక్కపెట్టె కూడా ఆయన వెంటే కింది స్టూలు మీద గుండ్రంగా తిరగాలి. కొంచెం తోస్తే కదలదు, ఇంకొంచెం తోస్తే ఎగిరి పక్క చుక్క మీద పడుతుంది. "ఆగి ఆగి అయినా దొరుకుతున్నాడుగా, చూపించరా," అన్నారు నాన్న. "ఉండండి నాన్నా, నున్నగా తిరిగేట్టు చేశాక చూద్దురుగాని," అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఇక మొదలెట్టాను. కొవ్వొత్తి రుద్దాను. అమ్మ పౌడరు డబ్బా మొత్తం ఒంపేశాను. కొబ్బరినూనె పోస్తే చీమలు వచ్చి కాపురం పెట్టాయి. గ్రీజు పూస్తే డాబా మీది దుమ్మంతా వచ్చి అందులోనే చేరింది. చివరికి ఆటోనగర్ వెళ్ళి పాత లారీ చక్రం బేరింగు అడిగాను. "ఏ బండికండీ?" అన్నాడు మెకానిక్కు. "శనిగ్రహం చూడ్డానికండీ." అతను నన్ను ఎగాదిగా చూసి, "అయితే ఓ నిమ్మకాయ కూడా కట్టుకోండి," అన్నాడు.

ఆ బేరింగు మీద నా టెలిస్కోపు ఊదితే తిరిగేది. అదే కొంప ముంచింది. చిన్న గాలి వీచినా చాలు, "బాబూ, మీ ఫిరంగి మళ్ళీ మా పెరటికేసి తిరిగిందయ్యా!" అని పక్కింటి పిన్నిగారు కేకేసేవారు. ఈలోపు వానలు పట్టుకున్నాయి. నాన్న గోడ పట్టుకుని నడవడం చూస్తూనే ఉన్నాను. (చూశానంటే కంటితో చూశాను. బుర్ర బేరింగులో ఉంది.)

శ్రావణంలో ఓ సాయంత్రం మబ్బు విడింది. నాన్న తడుముకుంటూ డాబా ఎక్కి వచ్చి, పెట్టె అడుగున ఉన్న గుండ్రటి చెక్క చుట్టూ తాడు తిప్పి, ఒక కొస స్టూలుకి కట్టి, రెండో కొసకి ఇటుక వేలాడదీశారు. "మగ్గం మీద పడుగుకి ఇట్లాగే బరువు కడతాం. లాగితే రావాలి, వదిలితే ఆగాలి. జారడం ఒక్కటే నేర్పితే ఎట్లారా?" అన్నారు. తోశాను, మెత్తగా కదిలింది. వదిలాను, నిలబడింది. శనిని పట్టి నాన్న కన్ను గొట్టానికి ఆనించాను. చాలాసేపు చూశారు. "అవున్రా, పసుపు ముత్యానికి గాజు తొడిగినట్టే ఉన్నాడు," అన్నారు. నేను డాబా మీద గంతులేశాను.

ఆ తర్వాతి వారం బెజవాడలో కంటి పరీక్ష. డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "ఈ కంటికీ చూపు పోయి రెండు నెలలు దాటింది. ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అన్నారు. ఎండాకాలంలో నేను అరిచిన మాటే నాన్న దాచిపెట్టుకుని, నా ముచ్చట కోసం నాకే తిరిగి చెప్పారన్నమాట. తిరుగుదారిలో ఆటోలో ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆయనే నా మోకాలు వెతికి పట్టుకుని, "నీ గొట్టం ఇప్పుడు బాగా తిరుగుతోందిరా," అన్నారు.

నాన్న పోయి ఆరేళ్ళు. ఆ తాడూ ఇటుకా అలాగే ఉన్నాయి. మొన్న మా ఆవిడ శనిని చూస్తానంటే తిప్పాను. తాడు కిర్రుమంది. "కాస్త నూనె వెయ్యకూడదూ?" అంది. పాతబుద్ధి ఎక్కడికి పోతుంది, చెయ్యి డబ్బాకేసి వెళ్ళనే వెళ్ళింది. నాలో నేనే నవ్వుకుని వెనక్కి తీసుకున్నాను.

"ముందు నువ్వు చూడు," అన్నాను.