వదిన వేసిన కుర్చీ

సోమవారం పొద్దున పదకొండు గంటలకు మా వదిన చనిపోయింది. నాకు తెలిసింది మధ్యాహ్నం రెండింటికి. ఆ మూడు గంటలూ నేను నగర పంచాయతీ సభలో, ఫోను మూగచేసి జేబులో పెట్టుకుని, ఎవరో చదువుతున్న కాగితానికి తల ఊపుతూ కూర్చున్నాను. బయటికొచ్చి చూస్తే వరసగా అన్న ఫోన్లు. తిరిగి చేస్తే ఒక్క మాటే అన్నాడు. "మీ వదిన పోయింది తమ్మీ." ఎక్కడికి అని అడిగాను. నిజంగానే అడిగాను. నిన్న సాయంత్రం సంతలో వంకాయలు ఏరుతూ నన్ను నిలదీసిన మనిషి చచ్చిపోయిందంటే ఎలా నమ్మేది?

పొద్దున లేచి వాకిలి ఊడ్చిందట. నీళ్లు మోసుకొచ్చిందట. పొయ్యి ముందు కూర్చుని ఛాతీలో మంటగా ఉందని అన్నదట. జీపు మాట్లాడుకుని బిలోలి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ చూసి నాందేడ్‌కు తీసుకెళ్లమన్నారు. నాందేడ్ ఇంకా దూరం ఉండగానే అయిపోయింది. యాభై కూడా నిండలేదు ఆమెకు. జ్వరమొచ్చి మంచమెక్కడం నేనెన్నడూ చూడలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా, ఎవరో పొరపాటు పడ్డారేమో, వేరే ఇంటి కబురు మా ఇంటికి చెప్పారేమో అనిపిస్తూనే ఉంది.

నేను అన్న ఇల్లు చేరేసరికి వాకిట్లో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఎండలో ఉంది. పొద్దున ఆమె కడిగి ఆరబెట్టిన కుర్చీ. దాని సంగతి మీకు చెప్పాలి. అది దాచిపెట్టి మా వదిన మంచిది, ధైర్యవంతురాలు అని ఎంత రాసినా అబద్ధమే.

మాది నాందేడ్ జిల్లాలో తెలంగాణను ఆనుకుని ఉన్న చిన్న ఊరు. కుండల్‌వాడి వైపు పోయే బస్సులు ఆగుతాయి, అంతవరకే దాని గొప్ప. ఊరి చివర మా మాదిగవాడ. అన్నావదినలు అక్కడే, నేను మాత్రం బస్సులు ఆగే దగ్గర అద్దెకుంటాను. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, టీకొట్టు దగ్గర దక్కనీ. మా వార్డు ఈసారి ఎన్నికల్లో ఎస్సీలకు రిజర్వు అయిందని తెలిసిన రోజు వాడ మొత్తం ఒకే మనిషిని తలుచుకుంది. రేషన్ దుకాణం ముందు మా వదిన నిలబడితే తూకం దానంతటదే సరిగ్గా వచ్చేది. కరెంటు పోతే లైన్‌మన్ ఇంటికి ఆమే పోయేది. ఆమె కాకపోతే ఇంకెవరు?

ఆమె కాదని బిలోలి తహసీలు ఆఫీసులో తేలింది. వదిన పుట్టిల్లు మంజీర అవతల, నిజామాబాద్ దిక్కున. కులం కాగితం అక్కడిది. ఇక్కడ రిజర్వు సీటుకు నిలబడాలంటే ఇక్కడి కాగితమే కావాలట, అది రూలట. ఆ రూలు చెప్పిన గుమాస్తా నెమ్మదైన మనిషే. "తాయీ, హా కాగద్ తికడ్చా ఆహే" అని, అవతలి రాష్ట్రం కాగితం ఇక్కడ చెల్లదని రెండుసార్లు విడమరిచి చెప్పాడు. వదిన ఆ కాగితాన్ని మడతపెట్టి కొంగున ముడేసుకుంది.

"ఏరు దాటితే కులం మారుతదా సార్?" అని అడిగింది. ఆయన వెనకాల నిలబడ్డవాళ్ల కాగితం అందుకున్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కొంగు ముడి తడుముకుంది. తర్వాత నవ్వింది. "గాడ మాదిగదాన్నే. గీడ మాదిగదాన్నే. ఊరోళ్లు దూరం నిలబెట్టేటప్పుడు ఎవ్వడూ కాయితం అడగలే. ఓటుకు నిలబడేకాడికి వచ్చేసరికి నేను ఎవ్వతెను కాకుంట పోయిన." నా వైపు తిరిగింది. "నీ కాయితం ఇవతలి ఒడ్డుదే గద మరిదీ. నువ్వు నిలబడు. నోరు నేనిస్త."

నాకు సభల్లో మాట్లాడటమంటే భయం. ఆ మాటే చెప్పాను. "భయముంటే మంచిదే, అబద్ధాలు తక్కువాడుతవ్" అంది. అలా నేను అభ్యర్థినయ్యాను. ఇల్లిల్లూ తిరిగింది ఆమె. దండలు పడింది నా మెడలో.

ప్రచారం రోజుల్లో ఆమె ఒక సంగతి కనిపెట్టింది. నాయకుడు ఎవరొచ్చినా మావాళ్లు మూడిళ్లు తిరిగి ఒక కుర్చీ తెచ్చి వేసేవాళ్లు. ఆయన కూర్చునేవాడు, మేం చుట్టూ నిలబడేవాళ్లం. ఆయన పోగానే కుర్చీ ఎవరిదైతే వాళ్లింటికి పోయేది. వదిన ఇదంతా కొంగు నోట్లో పెట్టుకుని చూసేది. నేను గెలిచిన వారంలోనే నాందేడ్ పోయి ఎర్ర కుర్చీ ఒకటి కొనుక్కొచ్చింది. ప్రతి సోమవారం సాయంత్రం వాకిట్లో వేస్తాను, సభలో ఏం జరిగిందో వచ్చి చెప్పాలని నాతో ఒప్పందం చేసుకుంది.

మొదటి సోమవారం ఇస్త్రీ అంగీ వేసుకుని వెళ్లాను. వాడంతా పోగైంది. కుర్చీ తళతళలాడుతోంది. వెళ్లి కూర్చోబోయాను.

"ఏయ్, లెవ్వు" అంది వదిన.

లేచాను.

"గది నీకు గాదు. అడిగేటోళ్లకు. నువ్వు నిలబడి చెప్పు." చెప్పి, కొంగుతో కుర్చీ తుడిచి, చీపుర్లు కట్టి అమ్ముకునే ఒక ముసలామెను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. ఆమె ముడుచుకుని అంచు మీద కూర్చుంది. జన్మలో మొదటిసారి ఒక నగరసేవకుడు, అదే వార్డు మెంబరు, తన ముందు నిలబడి ఉంటే ఏం అడగాలో తోచక, "తిన్నవా బిడ్డా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నాకు చెవుల దాకా మండింది. ఊరు సాబ్ అంటుంటే సొంత వదిన నలుగురిలో నిలబెడుతుందా అని ఆ రాత్రి అన్నతో పోట్లాడాను కూడా. అన్న మాటల మనిషి కాదు. విని పడుకున్నాడు.

ఆ కోపం పోవడానికి నెలలు పట్టింది. ఒకసారి వదినే విప్పి చెప్పింది. వాళ్ల నాయన అవతలి ఊళ్లో కబుర్లు మోసేవాడట. చావు కబురైనా, పెండ్లి కబురైనా ఊరు ఆయననే పంపేది. "ఎంత దూరం పోయొచ్చినా, పంపినోళ్లకు జవాబు చెప్పినంకనే మా నాయిన కాళ్లు కడిగేటోడు. ఎవ్వలకు చెప్పిండు, ఆళ్లు ఏమన్నరు, రామంటే రామన్నరని. నిన్ను గూడ మేం కబురుకే పంపినం. గంతే. నువ్వు రాజువు గాదు."

అందుకే ఆమె దగ్గర చాయ్ కూడా జవాబు తర్వాతే వచ్చేది. నేను చెప్పడం మొదలుపెట్టగానే లోపల పొయ్యి మీద గిన్నె పెట్టేది. అందరి ప్రశ్నలు అయ్యాక తను ఒకటి అడిగేది. అప్పుడు లోపలికి పోయి గ్లాసులు పట్టుకొచ్చేది. వీధి దీపాలు వెలిగించానని నేను గొప్పగా చెప్పిన రోజు ఆమె అన్నది, "మంచిది, తాగు" అని మాత్రమే. డ్రైనేజీ పని కాలేదని తల దించుకుని చెప్పిన రోజు కూడా అదే మాట, అదే చాయ్. పని కావడం కాకపోవడం ఆమెకు రెండో సంగతి. "మనోడు గెలిచిండని సంబరం ఒక్క దినమే ఉంటది. మనోడు మనకు ఏం చెప్తుండు అన్నది అయిదేండ్లు ఉంటది" అనేది. చదువురాని మనిషి. నేను కూర్చునే సభలో ఇంత తెలిసినవాళ్లు ఇంకొకరు నాకు కనపడలేదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మా వాడకు మంచినీళ్ల నల్లా లైను మంజూరు కావలసింది. దానికోసమే ఆమె నన్ను పంపింది. సభకు ముందు రోజు మా పార్టీ పెద్ద, ఊరంతా సాహెబు అని పిలిచే ఆయన, నన్ను తన ఇంటికి పిలిచాడు. సోఫాలో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. తను తాగే పింగాణీ కప్పులాంటి కప్పులోనే నాకూ చాయ్ ఇప్పించాడు. భుజం మీద చెయ్యేసి బేటా అన్నాడు. ఈసారి లైను బజారు వైపు పోనీ, వచ్చేసారి మీదే అన్నాడు. ఆ కప్పు చేతిలో ఉండగా కాదనలేకపోయాను. మా నాన్నకు ఆ ఇంటి అరుగు మీద కూడా చోటుండేది కాదు. మర్నాడు సభలో ఆ తీర్మానానికి, మా దగ్గర ఠరావు అంటాం, చెయ్యెత్తాను.

ఆ తర్వాత మూడు సోమవారాలు వాడకు పోలేదు. ఒకసారి నాందేడ్‌లో పని, ఒకసారి జ్వరం, ఒకసారి కిన్వట్‌లో పెళ్లి. పెళ్లి మాత్రం నిజం.

ఆదివారం సంతలో దొరికిపోయాను. వంకాయ తిప్పి చూస్తూనే అడిగింది. "రేపు సోమారం. ఉన్నవా, లేక మళ్ల జరమొస్తదా?"

"సభ ఉంది వదినా."

"సభ అయినంక రా. లైను బజారు దిక్కు పోయిందని వాడంతా ఎర్కనే. నువ్వు చెయ్యెత్తినవని గూడ ఎర్కనే. అయినా కుర్సీ ఏస్త. నీ నోటితోని వినాలె."

"తిడతావు."

"తిడ్త. తిట్టి చాయ్ పోస్త. నువ్వు రాకుంటే మాత్రం ఎవ్వలను తిట్టాలె?"

వస్తానన్నాను. సంచీలో వంకాయలు వేసుకుని వెళ్లిపోయింది. అవే ఆఖరి మాటలు. మా వదిన నన్ను తిట్టాల్సిన తిట్లు ఆమె దగ్గరే ఉండిపోయాయి. ఒక మనిషి ఇంత తొందరగా, ఇంత మామూలు రోజున ఎలా పోతుంది? సభలో ఆ రోజు నేను తల ఊపిన కాగితం ఏమిటో కూడా నాకు గుర్తులేదు.

అంత్యక్రియలకు సాహెబు వచ్చాడు. రావడం ఆయన పెద్దమనసే. మావాళ్లు అలవాటుగా పరుగెత్తి, వాకిట్లో ఉన్న ఆ ఎర్ర కుర్చీనే ఆయన ముందుకు జరిపారు. అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న అన్న లేచి వచ్చి కుర్చీ మీద చెయ్యి పెట్టాడు. "ఇది గాదు. ఇంకోటి తెండి" అన్నాడు. పక్కింటి నుంచి వేరే కుర్చీ వచ్చింది. అన్న ఎర్ర కుర్చీని ఎత్తి లోపల పెట్టాడు.

మళ్లీ సోమవారం వచ్చింది. పెద్ద దినం ఇంకా కాలేదు. పోవాలా వద్దా అని సాయంత్రం దాకా నలిగాను. ఆమె లేని వాకిట్లో ఎవరికి చెప్పాలి? తీరా వాడ మలుపు తిరిగేసరికి కుర్చీ బయటే ఉంది. కడిగారు, ఇంకా తడి ఆరలేదు. చుట్టూ మావాళ్లంతా నిలబడి ఉన్నారు. ఎవరూ కూర్చోవడం లేదు. చీపుర్ల ముసలామె కూడా గోడ పక్కనే ఉండిపోయింది.

అన్న లోపల్నుంచి వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి కుర్చీ తుడిచాడు. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా అందులో కూర్చోని మా అన్న, నెమ్మదిగా కూర్చుని నా మొహంలోకి చూశాడు.

"చెప్పు తమ్మీ."

నిలబడి చెప్పాను. "మన నల్లా లైను బజారు దిక్కు పోయే ఠరావుకు నేను చెయ్యెత్తిన. బలవంతం ఎవ్వలు చెయ్యలే. సాహెబు పక్కన కూసోబెట్టుకుంటే కాదనలేకపోయిన. మూడు సోమారాలు మొహం చాటేసిన. వచ్చే సభల లేచి అడుగుత. ఇస్తరా, ఇయ్యరా, ఎట్లయినా వచ్చి ఇక్కడ్నే నిలబడి చెప్త."

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. అన్న "మంచిది" అన్నాడు.

చెప్పాల్సింది అయిపోయింది. అలవాటు కొద్దీ నా కళ్లు తలుపు వైపు పోయాయి, లోపల్నుంచి గ్లాసులు వస్తాయని. చూస్తే వాడంతా అటే చూస్తోంది. కుర్చీలోంచి అన్న కూడా మెడ తిప్పి ఆ తలుపు వైపే చూస్తున్నాడు.