పగడపు దీవిలో పంచమి

రెండువేల సంవత్సరం జనవరి ఒకటిన ఏమీ కాలేదు. ఆ ఏమీ కాకపోవడం కోసమే మేము అంతకుముందు ఏడాదంతా పనిచేశాం. మెల్‌బోర్న్‌లో ఒక బీమా కంపెనీ ప్రోగ్రాముల్లో రెండంకెలతో రాసిన సంవత్సరాలను నాలుగంకెలకు మార్చడం నా పని. అది నేను కాలేజీలో చదువుకున్న విద్య కాదు. నలభై దాటాక పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాను. పంచాంగం చూడడమూ అలా పట్టుబడిందే. ఫిబ్రవరి వచ్చేసరికి గోడ మీద క్యాలెండరు కనిపిస్తే తల తిప్పుకునేంత విసుగు పుట్టింది.

మేముండేది క్లేటన్‌లో. మా ఆవిడ అక్కడే ఒక వృద్ధాశ్రమం వంటింట్లో పనిచేసేది. ఆమెతోపాటు పనిచేసే ఒకావిడది పసిఫిక్ నడిమధ్యన ఎక్కడో చిన్న దీవి. "మా అమ్మ దగ్గర కొన్నాళ్లుండి రండి. అక్కడ కంప్యూటర్ ఉండదు," అందట. ఆ రెండో మాట విని నేను సరేనన్నాను.

మూడు విమానాలు మారాం. చివరిది మరీ చిన్నది. సామానుతోపాటు మనుషుల్నీ కాటా మీద నిలబెట్టి తూచారు. మా ఆవిడ కాటా ముల్లు నాకు కనబడకుండా అడ్డం నిలబడింది.

దీవి అంటే నేను కొండలూ అడవీ ఊహించుకున్నాను. ఇది నీళ్ల మీద పడేసిన తెల్లటి ఉంగరం. ఒక పక్క సముద్రం, రెండో పక్క చెరువులా కదలని ఉప్పునీరు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నడవడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టదు. నిలబడ్డ మనిషి తలకన్నా ఎత్తయిన నేల ఎక్కడా లేదు. మా ఆవిడతో పనిచేసేవాళ్ల అమ్మ, ఆ ముసలావిడ, మాకు ఆకుల కప్పు ఉన్న పాక ఇచ్చింది. నేను చాప మీద పడి నిద్రపోయాను. లేచి మళ్లీ నిద్రపోయాను. అంత నిద్రపోయినా అలసట తీరలేదు.

బహుళ పంచమి మా అమ్మ తిథి. ఆ లోపల క్లేటన్ చేరిపోయేట్టు టిక్కెట్లు కొన్నాను. కానీ బుధవారం రావలసిన విమానం రాలేదు. అందులో ఏదో భాగం పాడయిందనీ, శనివారం పన్నెండింటికి వచ్చి వెంటనే వెళ్లిపోతుందనీ రేడియోలో కబురొచ్చింది. అమ్మ పోయాక ఆవిడకు నేను చేయగలిగిన పని ఏడాదికి ఈ ఒక్కటే. అది తప్పిపోతుందేమోనని భయం పట్టుకుంది. పంచాంగం తీశాను.

మన దేశంలో పంచమి శుక్రవారం ఉదయం పదింటికి వచ్చి, మర్నాడు పదింటి దాకా ఉంటుంది. అక్కడ మా తమ్ముళ్లకు తద్దినం శుక్రవారం మధ్యాహ్నమే. దీవి గడియారం మాత్రం వాళ్లకన్నా ఆరున్నర గంటలు ముందు. ఇక్కడ పంచమి వచ్చేసరికి శుక్రవారం సాయంత్రం నాలుగున్నర అవుతుంది. మధ్యాహ్నం చేయవలసిన పనికి పంచమి కావాలంటే శనివారం దాకా ఆగాల్సిందే. శనివారం ఆ వేళకు మేము గాల్లో ఉంటాం.

"అయితే ప్లేన్‌లో వదుల్తారా తర్పణం? కిటికీ తెరవరండీ వాళ్లు," అంది మా ఆవిడ.

"లెక్క అలా వస్తోంది మరి."

"లెక్కలు చూసే కదా ఇలా అయిపోయారు. మీ తమ్ముళ్లు రేపే పెడుతున్నారు. మీరూ రేపే పెట్టండి. ఊళ్లో ఒక రోజూ ఇక్కడొక రోజూ రమ్మంటే అత్తయ్య మాత్రం ఎన్నిసార్లు తిరుగుతారు చెప్పండి?"

వాదించే ఓపిక లేకపోయింది. శుక్రవారమే పెట్టాను. ఆవిడ పెట్టె అడుగు నుంచి బియ్యమూ, నువ్వుల పొట్లమూ తీసింది. ఎందుకు తెచ్చావంటే, "మీరు టిక్కెట్లను నమ్మారు, నేను నమ్మలేదు," అంది. పిండం ఆకులో పెట్టి బయట నిలబడ్డాను. ముసలావిడ వచ్చి ఎవరి కోసం చూస్తున్నావని అడిగింది. నల్ల పిట్ట కోసమన్నాను.

"ఇక్కడ నల్లవి ఉండవే. తెల్లవాటిని పిలవనా?" అంది.

మా అమ్మ తెల్లవాటిలో రాదని ఆవిడకు ఎలా చెప్పను? చీకటి పడేవేళకు ఒక పీత ఆకుతో సహా లాక్కుపోయింది. చేయవలసిన పని చేసినట్టే అనిపించలేదు.

శనివారం పొద్దున్నే సామాను మోసుకుని విమానాలు దిగే చోటికి వెళ్లాం. మళ్లీ తూచారు. కొబ్బరి నీడలో కూర్చున్నాం. పన్నెండయింది. రేడియో మనిషి వచ్చి, ఈ రోజూ రాదట, అన్నాడు. ఎవరూ గొడవ పెట్టలేదు. సంచులెత్తుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

తిరిగి పాక చేరేసరికి ఒంటిగంట దాటింది. పంచమి ఇప్పుడు నా నెత్తిన ఉంది. చేతిలో నువ్వులూ లేవు, బియ్యమూ లేదు. గుమ్మంలో కూలబడ్డాను.

"స్నానం చేసి రండి," అంది మా ఆవిడ.

"దేనికి?"

ఆవిడ చీర కొంగు ముడి విప్పింది. అందులో సగం నువ్వులు, గుప్పెడు బియ్యం.

"నిన్న అన్నీ అయిపోయాయన్నావు?"

"అనకపోతే అన్నీ నిన్ననే పోసేసేవారు. మీ లెక్క నిజంగా తప్పని ఎప్పుడన్నాను? ఓపిక లేని మనిషితో వాదనెందుకని ఊరుకున్నాను. లేవండి, నాలుగున్నర దాకానేగా మీ పంచమి."

గుప్పెడు బియ్యం ముసలావిడ పొయ్యి మీదే ఉడికాయి. కదలని నీళ్లలోకి మోకాలి లోతు దిగి, అమ్మ పేరు చెప్పి నువ్వులూ నీళ్లూ వదిలాను. పిండం ఒడ్డున ఆకులో పెట్టాను. ఈసారి ఏ పిట్ట వస్తుందో చూడలేదు. పాకలోకి వచ్చి, మా ఆవిడ పక్కన కూర్చుని, ముసలావిడ పెట్టింది తిన్నాను.