పన్ను వేరులో బీట

రెండువేల ఎనిమిది ప్రాంతం. బెంగళూరు నుంచి అనంతపురం వచ్చే బస్సులో, నా దవడ లోపలి ఎక్స్‌రే బొమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కసీటు రైతు తొంగిచూసి, "బోరు పాయింటు పటమా అన్నా? రాతిలో బీట బాగుండాది. నీళ్లు పడతాయిలే" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "రాయి కాదప్పా, నా పన్ను! బీట దాని వేరులో ఉండాది."

"అంత లోపలిది ఎట్ల కనిపెట్టినారన్నా?"

ఏడాదిగా మింగిన కోపమంతా ఆయన ముందు కక్కేశాను. మా ఊళ్లో ఎక్స్‌రే ఒక్క వైపు నుంచే తీస్తారు. అందులో ఆ పన్ను నిక్షేపంగా కనిపించింది. దాంతో డాక్టరుదీ మా తమ్ముడిదీ ఒకటే పాట: భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు కదా, నొప్పి పన్నులో లేదు, మనసులో ఉంది. చివరికి బెంగళూరులో తల చుట్టూ తిరిగే మిషను అన్ని వైపుల నుంచీ బొమ్మ తీస్తే, వెంట్రుకంత బీట బయటపడింది.

అంతా విని ఆయన, "అయితే ఏడాది పొడుగునా నీకు నిజంగానే నొప్పి పెట్టినాదన్నమాట" అన్నాడు.

ఇంటికి చేరాక మావాళ్లెవరూ ఆ ఒక్క మాట అనలేదు. బొమ్మ చూసి మిషనును పొగిడారు.

బస్సులో ఆయనకు, పన్ను రేపు పీకుతారని చెప్పాను. ఆయన దిగబోతూ ఆగి, "పీకినాక రెండు దినాలు గంజే తాగాల. ఇంట్లో కాచిచ్చేటోళ్లు ఉండారా అన్నా?" అని అడిగాడు.

"ఉండారులేప్పా" అన్నాను.

ఏడాదిపాటు అందరూ నన్ను అబద్ధాలకోరును చేశారు. నేను ఆడిన అబద్ధం అదొక్కటే.