మా నాయన మెంబరైనప్పుడు

మా నాయన పంచాయతీ మెంబరుగా గెలిచాడు. ఊర్లో రైతులంతా చేతులెత్తి మరీ గెలిపించారు. ఈ మాట ఎవరికైనా చెబితే "అబ్బ, అంత మంచి ఊరా మీది!" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది.

పెనుకొండకూ హిందూపురానికీ నడుమ, రైలు కూత వినబడే దూరంలో ఉన్న ఊరు మాది. ఊరికి పడమట మాలవాడ, అందులో మా ఇల్లు. నాయన ఊర్లోకెల్లా పెద్ద ఆసామి దగ్గర జీతగాడు. పేడ తీయడం, మడక దున్నడం, గొడ్లను చూసుకోవడం, పెండ్లికి ముందు నుంచీ ఆ ఇంటి పనే. మా వాడలో బావి లేదు. రైతుల బావి దగ్గరికి కడవలు తీసుకుపోయి, గట్టు కింద నిలబడి, ఎవరైనా మనసున్న తల్లి చేది పోస్తే తెచ్చుకునేవాళ్ళం. తాకకూడదని ఎత్తు నుంచి పోసేవాళ్ళు, సగం నీళ్ళు నేలపాలు. ఎండాకాలంలో ఆ మిగతా సగానికి కూడా మొహం వాచేవాళ్ళం.

అమ్మకు పుట్టింటి వైపు మిగిలింది ఒక్క తమ్ముడు. నా మేనమామ. మా వాడలోనే ఉండేవాడు. హిందూపురంలో క్రైస్తవుల బడిలో కొన్నాళ్ళు తోటపని చేసి, అక్కడే నాలుగు అక్షరాలు నేర్చుకొని తిరిగొచ్చాడు. చొక్కా తొడుక్కొని ఊరి వీధిలో నడవడం ఆయన చేసిన మొదటి తప్పు. రెండోది ఎలక్షన్లో నిలబడటం.

అది యాభైల నడుమ కాలం. పంచాయతీలో హరిజనులకు ఒక సీటు ఉండాలని సర్కారు రూలు పెట్టింది. మామ నిలబడతానన్నాడు. "నేను గెలిస్తే వాడలో బావి తవ్విస్తానక్కా. ఇంగ నువ్వు ఎవుర్నీ అడుక్కునే పని ల్యా" అన్నాడు. అమ్మ ఆ మాట పట్టుకొని కూర్చుంది. బావి ఎక్కడ తవ్వాలో కూడా నాకు చూపించింది, మా ఇంటి వెనక రాళ్ళ దిబ్బ పక్కన.

సంగతి ఆసామి చెవిన పడింది. సీటు ఇవ్వక తప్పదు, అందులో ఉండేవాడు తన మనిషైతే చాలు అనుకున్నట్టున్నాడు. కొట్టంలో పేడ ఎత్తుతున్న మా నాయనను పిలిచి, "ఒరే, ఎలక్షన్లో నువ్వు నిలబడల్ల" అన్నాడు.

"నాకేం తెలుసు సామీ?"

"నీకు తెలియాల్సిన పనేముండాదిరా? నేనుండా కదా."

ఇంటికొచ్చి నాయన ఆ మాట చెప్పాడు. రాగులు చెరుగుతున్న అమ్మ అంతా విని, "మా తమ్ముని మిందనా?" అని మాత్రం అడిగింది. "కాదంటే జీతం పోతాది. పిల్లోల్లకి ఏం పెడ్తాం?" అన్నాడు నాయన. ఇద్దరి మాటా న్యాయమే. అందుకే నాకు ఈనాటికీ ఎవరి మీద కోపం తీర్చుకోవాలో తెలియదు.

ఎలక్షన్ రోజు పెనుకొండ నుంచి ఆఫీసరు వచ్చాడు. బడి ముందర ఖాళీ జాగాలో జనాన్ని కూర్చోబెట్టారు. రైతులు నీడలో, మేము ఎండలో. ఇంకా మొదలుపెట్టకముందే ఆసామి వైపు మనిషి ఒకడు లేచి, మామ చర్చికి పోతాడని, ఈ సీటు హిందువులైన హరిజనులకే గానీ కిరస్తానం కలిసినవాళ్ళకు చెల్లదని అడ్డుపడ్డాడు. మామ బాప్తిస్మం తీసుకోలేదు. పాటలు బాగుంటాయని పోయి వినేవాడు, అంతే.

"నువ్వు హిందువేనా?" అని ఆఫీసరు అడిగాడు.

"గుడి లోపలికి ఒకతూరి రానియ్యమని చెప్పండి సార్. ఆడికే పోయి చెప్తా" అన్నాడు మామ.

మా వాడ మగవాళ్ళు నవ్వారు. ఆఫీసరు తల దించుకొని, సరే కానివ్వండి అన్నాడు. ఎవరెవరు నవ్వారో మాత్రం రైతులు గుర్తు పెట్టుకున్నారు.

అసెంబ్లీ ఎలక్షన్లకు అప్పటికే ఓటు డబ్బాలు వచ్చినా, మా పక్క చిన్న ఊర్ల పంచాయతీలకు అవేం లేవు. పేరు పిలిస్తే చెయ్యెత్తాలి. ఎవరి చెయ్యి లేచిందో, ఎవరిది లేవలేదో ఊరంతా కళ్ళారా చూస్తుంది.

మొదట నాయన పేరు పిలిచారు. రైతుల చేతులన్నీ లేచాయి. ఏనాడూ మా నాయన భుజం తాకని చేతులు. నాయన మాత్రం నేల చూస్తూ కూర్చున్నాడు. "ఎత్తరా, నీకేరా!" అని ఆసామి కసిరితే అందరూ గొల్లున నవ్వారు, అప్పుడు ఎత్తాడు. లెక్కపెట్టే మనిషి రైతుల దగ్గర భుజాలు తడుతూ లెక్కపెట్టి, మా దగ్గరికొచ్చేసరికి కట్టె చాపి దూరం నుంచే కానిచ్చాడు. మా వాడలోనూ చాలామంది చెయ్యెత్తారు. వాళ్ళను తిట్టలేను. ఎవరి ఆసామి వాళ్ళ ఎదురుగానే ఉన్నాడు.

తర్వాత మామ పేరు. మగవాళ్ళలో ఒకటీ అరా చేతులు సగం దాకా లేచి ఆగాయి. ఆడవాళ్ళలో మా అమ్మ చెయ్యి ఒక్కటే లేచింది. మొగుని ఎదుట, మొగుని ఆసామి ఎదుట. లెక్కపెట్టేవాడు చాలనేదాకా దించలేదు. నేను గర్వపడ్డానని రాస్తే చదవడానికి బాగుంటుంది. నాకు వేసింది భయం.

ఆ సాయంత్రం సంగటి పెడుతూ అమ్మ, "నీ మింద కోపంతో కాదప్పా. నీళ్ళ కోసరం ఎత్తినా" అంది. నాయన "తెలుసులే" అన్నాడు.

మామను కూలికి పిలిచేవాళ్ళు లేకపోయారు. ధర్మవరం స్టేషన్లో బొగ్గు మోసే పని దొరికిందని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ, "బావా, ఇంగ అడగాల్సినోనివి నువ్వే" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే బాగుండేది, నాయన కోపగించుకొని మరిచిపోయేవాడు.

మీటింగులు ఆసామి ఇంటి అరుగు మీద జరిగేవి. మిగతా మెంబర్లు బెంచీల మీద, నాయన కింద వాకిట్లో గొడ్ల పక్కన. చివర్లో పుస్తకం నేల మీద పెడితే వంగి వేలిముద్ర వేసేవాడు. అది తుడుచుకొని గడ్డి వెయ్యడానికి పోయేవాడు. మీటింగు జరిగిన ప్రతిసారీ అమ్మ "అడిగినావా?" అనేది. "ఈతూరి కుదరల్యా" అనేవాడు నాయన. రానురాను అమ్మ అడగడం మానేసి, మొహంలోకి ఒకసారి చూసేది. అడగడం కంటే అదే నాయనకు కష్టంగా ఉండేది.

ఇప్పుడు పేపర్లలో ఫలానా కులం ఓట్లు ఇన్ని, ఫలానా మతం ఓట్లు ఇన్ని అని రాస్తుంటారు. చదివి నవ్వుకుంటాను. మా వాడ మనిషి మా వాడ సీటులోనే గెలిచాడు. మా నోట్లోకి ఒక చెంబు నీళ్ళు వచ్చాయా?

అరవైలు వచ్చాక, ఆసామి పుణ్యమా అని నాయన ఇంకా మెంబరుగానే ఉండగా, ఎవరూ అడక్కుండానే, పెనుకొండ బ్లాకు ఆఫీసు నుంచి హరిజనవాడకు బావి మంజూరైంది. అమ్మ ఆ రోజు తల స్నానం చేసింది. అయితే వాడలో అంతా బండేనని, తన చేలో తవ్వితే నీళ్ళు పడతాయని ఆసామి మీటింగులో చెప్పాడు. అందరూ సరేనన్నారు. నాయన వేలిముద్ర వేశాడు. తవ్వింది కూడా మా వాడ మగవాళ్ళే, నాయన అందరికంటే ముందు. అడుగున నీళ్ళు ఊరినప్పుడు, దోసిలి పట్టి తాగాడట. "ఇంగ పైకి రాండ్రా, పూజ చెయ్యల్ల" అని కేకేశారట. అంతే, ఆ తర్వాత మాలో ఎవరినీ ఆ గట్టు ఎక్కనివ్వలేదు. బావి పేరు మాత్రం హరిజన బావి. ఎవరైనా చేది పోస్తారేమోనని మేము కడవలతో దాని గట్టు కింద నిలబడేవాళ్ళం.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం. ఆసామి బెల్లం బండ్లతో హిందూపురం పోయాడు. చేలో నరమానవుడు లేడు. నాయన ఒక్కడే దూరంగా పొలం గట్టు చెక్కుతున్నాడు. అమ్మా నేనూ కడవలు పెట్టుకొని నిలబడి నిలబడి విసిగిపోయాం. ఉన్నట్టుండి అమ్మ కొంగు నడుముకు చెక్కి, బావి గట్టు ఎక్కింది. వెనకే నేను ఎక్కాను. అమ్మ చేంతాడు పట్టుకొని చేద లోపలికి వదిలింది. గిలక కిర్రుమంది.

"దిగే! దిగు కిందికి! ఎవురు ఎక్కమన్నారే నిన్ను?"

ఎవరో రైతు అనుకున్నాను. తిరిగి చూస్తే నాయన, పార చేత పట్టుకొని పరుగెత్తుకొస్తున్నాడు. అంత గొంతు ఆయనకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. అన్నేళ్ళ మెంబరుగిరీలో నోరు పెగలడం అదే మొదలు.

"దిగుతావా, ఆసామికి చెప్పల్లనా?"

అమ్మ నాయన వైపు చూసింది. నిండిన చేద సగం దాకా వచ్చి ఉంది. చేంతాడు వదిలేసింది.

"పాపా, దిగు. మెంబరు చెప్తాండాడు" అంది.

ఇద్దరం దిగి, గట్టు కింద మా చోట్లో నిలబడ్డాం.