జిల్లేడు సవతి

నేను మా ఆయనకు నాలుగో పెళ్ళాన్ని. మొదటి ఇద్దరూ కాన్పుల్లోనే పోయారు. మూడోది మా పెరట్లోని జిల్లేడు చెట్టు. మూడో పెళ్ళి అచ్చిరాదని, ఆ గండమేదో చెట్టు మీదికే పోవాలని, ముందు దానికి ఆయన చేత పసుపుతాడు కట్టించారు. ఆ చేతికే గొడ్డలి ఇచ్చి నరికించారు. చెట్టు పోయింది కదా అని తర్వాత నన్ను తెచ్చుకున్నారు. మా పుట్టిల్లు మడకశిర వైపు, తెల్లదొరల సీమ. మెట్టినిల్లు మంగళవాడ, మైసూరు మహారాజుల రాజ్యం. రాజులు వేరైనా జిల్లేడు విషయంలో రెండు వైపులా ఒకటే నమ్మకం. అందుకే మావాళ్ళు మారు మాట్లాడకుండా ఇచ్చారు.

సవతి చచ్చిందన్నారు గానీ, తొలి వానకే మోడు చిగురేసింది. పక్కింటావిడ గోడ మీది నుంచి చూసి నవ్వేది.

"ఏమ్మే, మీ అక్క మళ్ళా లేసినాది చూడు!"

నేనూ నవ్వేదాన్ని. తుంచితే మళ్ళీ వచ్చేది. నాకు నెల తప్పాక మాత్రం ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. చావాల్సిన మూడోది చావలేదంటే గండం ఇంకా ఇంట్లోనే ఉందని, అది ఇక నాకేనని అందరి మొహాల్లోనూ కనిపించేది. మోడు తీయిద్దామంటే అత్త ఒప్పుకోలేదు. "పెండ్లయిన చెట్టు, ముట్టరాదు" అంది. కూలివాణ్ణి అడిగితే, "ఇంగొకరి పెండ్లాన్ని నేనెట్ల పెరికేదమ్మా?" అని తప్పుకున్నాడు. ఇక మా ఆయన పెళ్ళైన నాటి నుంచీ నా మొహం చూసి మాట్లాడింది లేదు. తల వంచుకుని తినేవాడు, చేనికి పోయేవాడు. నేను నచ్చలేదనుకున్నాను. ఆ కోపమూ ఉంది నాకు.

అత్త సంతకు పోయిన రోజు గడ్డపార పట్టాను. పాలు కంట్లో పడకుండా చెంగు మొహానికి చుట్టుకుని, మోడు చుట్టూ మట్టి తోడాను. పక్కవేర్లు కొడవలికి తెగాయి. తల్లివేరు మాత్రం గరుసు నేలలోకి దిగిపోయింది. తవ్వేకొద్దీ అది లోపలికి, దాని వెంట నేనూ. తొడల లోతు గుంతలో నిలబడి, నిండు కడుపుతో ఒంగలేక, దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. సవతుల మధ్య ఆ మాత్రం ఉండదా? నాకు చావాలని లేదు, అంతే.

అప్పుడే మా ఆయన చేని నుంచి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. నన్నూ గుంతనూ చూసి గుంత అంచుకు పరుగెత్తుకొచ్చాడు. వేరు వైపు చూడనే లేదు.

"బయటికి రా."

"ఇంగ రోంతే ఉండాది" అన్నాను.

"ఇద్దర్ని ఈ చేతుల్తోనే గుంతలో దించినా. నిన్ను ఈడ చూడలేను. నీ మింద ఆశ పెట్టుకోడానికే బయపడి ఇన్నాళ్ళూ తల వంచుకోని తిరిగినా. పైకి రామ్మే."

చెయ్యి చాచాడు. పట్టుకుని పైకి వచ్చాను. నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, గడ్డపార తీసుకుని తను దిగాడు. తల్లివేరు తెగేదాకా పోటు పోటుకూ తలెత్తి, నేనున్నానా లేదా అని నా మొహం చూస్తూనే ఉన్నాడు.