పేరు చెప్పకూడని పసరు

మా ఇంట్లో పసరు అన్న మాటకు చాలాకాలం పెద్ద గౌరవం లేదు. నేను ఆఫీసుకు సీసాలో పోసుకెళ్లే పాలకూర స్మూతీ పసరు. మా అమ్మాయి స్విమ్మింగ్ నుంచి వచ్చాక తాగే పచ్చటి ఎనర్జీ డ్రింక్ పసరు. గొంతు దిగనిదల్లా పసరే. ఆ లెక్కన నేను పెట్టే కాఫీకి కూడా ఆ బిరుదు అప్పుడప్పుడూ దక్కేది.

ఆ మాటను నవ్వకుండా పలికే మనిషి మా అత్తగారు ఒక్కరే. గోదావరి పక్కన వాళ్ల ఊళ్లో ఎవరికి పచ్చకామెర్లు వచ్చినా ఆవిడ గుమ్మంలోకే వచ్చేవారట. తెల్లవారకముందే లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆకు కోసుకొచ్చి, నూరి, గుడ్డలో వేసి పిండి, మజ్జిగలో కలిపి ఇచ్చేవారు. పైసా పుచ్చుకోరు. ఆకు పేరు చెప్పరు. చెబితే మందు పనిచేయదు. ఆ ఒక్కసారికే కాదు, ఇక ఆ చేత్తో ఇచ్చినదేదీ పనిచేయదు. వాళ్ల అమ్మమ్మ నేర్పినప్పుడు దానికొక మంత్రం కూడా ఉండేదట. చర్చికి వెళ్లే కుటుంబం కాబట్టి మంత్రం తీసేసి ఆ చోట పరలోక ప్రార్థన పెట్టుకున్నారు. నియమాలు మాత్రం మార్చలేదు.

కిందటి వేసవిలో ఆవిడ అమెరికాలో, కాపెల్‌లో మా దగ్గర ఉన్నారు. నేను ఇండియా వెళ్లి వచ్చిన కొద్ది వారాలకే నా కళ్లు పచ్చబడ్డాయి. అర్జెంట్ కేర్‌లో రక్తం తీసి, లివర్‌కు వైరస్ సోకిందనీ, రెస్ట్ తీసుకోమనీ చెప్పారు. నొప్పి మాత్రలు వద్దన్నారు, ఆల్కహాల్ ముట్టొద్దన్నారు. ఇంటికొచ్చి, "మందులూ వద్దట, మందూ వద్దట" అని ప్రకటించి నా జోకుకు నేనే నవ్వుకున్నాను. అత్తగారు నవ్వలేదు.

"మరి పసరు వద్దనలేదుగా బాబూ?"

అనలేదు. నేను అడగనూ లేదు.

మొదటి ఉదయం స్టీలు గ్లాసులో వచ్చింది. కళ్లు మూసుకుని తాగాను. చేదు నాలుక దాటి చెవుల దాకా పాకింది. రెండో ఉదయం కూడా తాగాను. కాసేపటికి చెమటలు పట్టాయి. బాత్రూమ్ దాకా వెళ్లలేక హాల్లోనే వాంతి చేసుకున్నాను. గోడలు మెల్లగా తిరగడం మొదలుపెట్టాయి. మా ఆవిడ ఇంకేమీ అడగకుండా కారు తాళాలు తీసింది. నలుగురం ఎమర్జెన్సీకి వెళ్లాం.

డాక్టర్ చిన్న వయసు అమ్మాయి. టైప్ చేసుకుంటూ, మాత్రలు గానీ సప్లిమెంట్లు గానీ ఏమైనా వాడుతున్నారా అని అడిగింది.

"జస్ట్ హెర్బల్ టీ" అంది మా ఆవిడ, పుట్టింటి పరువు కాపాడుతూ.

"టీ కాదు మామ్" అంది మా అమ్మాయి. "అమ్మమ్మ మేడ్ ఎ పోషన్."

డాక్టర్ టైపింగ్ ఆగిపోయింది.

పోషన్ అంటే మాయపసరు; మా అమ్మాయికి ఆ మాట కథల పుస్తకాల్లోంచీ వీడియో గేముల్లోంచీ వచ్చింది. అక్కడ ఎర్ర సీసా తాగితే ప్రాణం నిండుతుంది, నీలం సీసా తాగితే మాయమైపోతారు. అందులో ఏం కలిపారని ఎవరూ అడగరు. ఇక్కడ మొదట అడిగింది అదే. ఏ మొక్క? ఎక్కడ పెరిగింది? అక్కడ కలుపు మొక్కలకు మందేమైనా కొట్టించారా?

ఆ చివరి ప్రశ్నకు నాకు మా ఇంటి గడ్డి గుర్తొచ్చింది. ఆ వారమే లాన్ కంపెనీ వాళ్లు వచ్చి కలుపు మందు కొట్టి వెళ్లారు. వెళ్తూ గడ్డిలో చిన్న పసుపు జెండా గుచ్చారు. పిల్లలనూ పెంపుడు జంతువులనూ దూరంగా ఉంచమని దాని మీద రాసి ఉంది. అల్లుళ్ల గురించి ఏమీ రాయలేదు.

"అమ్మా, ఏం ఆకు అది? ఎక్కడ కోశావ్?" అంది మా ఆవిడ.

అత్తగారు ఆస్పత్రి ఏసీ చలికి చీర మీద నా స్వెట్టర్ వేసుకుని మూల కుర్చీలో కూర్చున్నారు.

"అది అడక్కే."

"అడక్కపోతే ఎలాగమ్మా? ఆయన్ని చూడు!"

"చూస్తన్నానే. చెప్తే పోద్ది."

"ఏం పోద్ది?"

"చెయ్యి" అన్నారావిడ, కుడి అరచేతిని ఒళ్లో మూసుకుంటూ. "నాకింక వాసి ఉండదు."

డాక్టర్‌కు తెలుగు రాకపోయినా, ఇక్కడేదో తెగడం లేదని అర్థమైంది. ఏం తాగారో తెలియకుండా ఏం ఇవ్వాలన్నా తనకు భయమేనని నెమ్మదిగా చెప్పింది. మా అమ్మాయి దాన్ని తన యాసలో తెలుగు చేసింది. "అమ్మమ్మా, డాక్టర్‌కి స్కేర్ ఉంది. డాడీకి ఏమో అవుతుంది అని."

అత్తగారు నా వైపు తిరిగారు. "అల్లుడు గారూ, మీరు చెప్పమంటే చెప్తాను."

పిజ్జా మీద ఏం వేయించాలో కూడా మా ఆవిడని అడిగి చెప్పే మనిషిని నేను. అత్తగారి చేతివాసి ఉండాలో పోవాలో నన్ను తేల్చమంటున్నారు. పరవాలేదు లెండి అనేసి పెద్దమనిషి అనిపించుకుందామని ఒక్క క్షణం అనిపించింది. అంతలో నా దండకు కట్టిన బీపీ పట్టీ దానంతటదే బిగుసుకుంది.

"చెప్పండి అత్తయ్యా" అన్నాను.

ఆవిడ కళ్లు మూసుకున్నారు. "నేల ఉసిరి. వెనకాల ఏసీ డబ్బా పక్కన, గులకరాళ్లలో మొలిచింది."

మా అమ్మాయి ఫోన్‌లో బొమ్మ వెతికి చూపించింది. ఆవిడ తలూపారు. మా ఆవిడ బయటికి వెళ్లి లాన్ కంపెనీకి ఫోన్ చేసింది. తిరిగొచ్చేసరికి తన మొహం తెల్లబోయి ఉంది. గడ్డితోపాటు ఫెన్స్ వెంబడీ ఏసీ చుట్టూ కూడా కొట్టామన్నారట. మందు పేరు చెప్పారు. డాక్టర్ విషాల సంగతి చూసేవాళ్లతో మాట్లాడి, నా ఛాతీకి వైర్లు తగిలించి, సెలైన్ పెట్టి, తెర పక్కనే నిలబడింది. మూలనుంచి పెదవులు కదులుతున్న చప్పుడు వినిపించింది. పరలోక ప్రార్థనే. ఈసారి దానితో ఏ ఆకూ లేదు.

సాయంత్రానికి గోడలు తిరగడం ఆగింది. తర్వాత కొద్ది వారాల్లో కళ్ల పచ్చదనం కూడా పోయింది. వైరస్ దానంతటదే తగ్గిందన్నారు డాక్టర్లు. అత్తగారు ఆ మాటకు అడ్డు చెప్పలేదు. అడ్డు చెబుతారేమోనని నేను ఎదురుచూశాను.

అత్తగారు తిరిగి ఊరెళ్లకముందే, చర్చిలో పరిచయమైన ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్లింట్లో ఓ గదిలో అద్దెకుంటున్న ఎమ్మెస్ స్టూడెంట్‌కు కామెర్లట. అత్తగారు స్పీకర్‌లో విని, "ముందు ఆస్పత్రికి పంపించమ్మా. నేనివ్వటం లేదిప్పుడు" అన్నారు.

"అయ్యో, ఆకు పేరైనా చెప్పండి పిన్నిగారూ, మేమే నూరుకుంటాం."

"నేల ఉసిరి" అన్నారావిడ, బెండకాయ అన్నంత మామూలుగా, ఉల్లిపాయలు తరుగుతూనే.